మొదటి పెద్ద మంచు తుఫాను: బఫెలోకి కొత్తగా వచ్చిన తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో దిగేవాళ్లకు ఊరు హాయిగా కనిపిస్తుంది. పచ్చటి చెట్లు, పక్కనే ఈరీ సరస్సు, రాత్రి ఎనిమిది దాకా వెలుతురు. నవంబరు వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. ఇక్కడ ఒక్కో చలికాలంలో సగటున 95 అంగుళాల దాకా మంచు పడుతుంది, అంటే దాదాపు ఎనిమిది అడుగులు. అదంతా రోజుకు కాస్త చొప్పున పడితే ఇబ్బంది లేదు. కానీ రెండు మూడు రోజుల్లోనే నాలుగైదు అడుగులు పడ్డ సందర్భాలున్నాయి. ఈ వ్యాసం అలాంటి రోజుల కోసం. బఫెలోను దృష్టిలో పెట్టుకుని రాసినా, బోస్టన్‌లోనో క్లీవ్‌లాండ్‌లోనో ఉన్నవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు తుఫాను కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడు తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. అయితే అక్కడి అలవాటు ఒకటి ఇక్కడ పనికిరాదు. మనకు గాలి తగ్గితే గండం గడిచినట్టే, బయటికొచ్చి పనులు చూసుకుంటాం. ఇక్కడ గాలి ఆగినా పడిన మంచు ఎక్కడికీ పోదు. రోడ్డు కనబడదు, అంబులెన్సు రాలేదు, ఇంటి గొట్టాలు గడ్డకడుతూనే ఉంటాయి. ప్రాణాలు ఎక్కువగా పోయేది కూడా ఇరుక్కున్న కారులో, వేడి లేని ఇంట్లో, మంచు ఎత్తుతూ గుండె ఆగినప్పుడు. ఈ మూడింటినీ చాలావరకు ముందే తప్పించుకోవచ్చు. కావలసినవి ముందే తెచ్చిపెట్టుకుని, తుఫాను నడిచినంతసేపూ గడప దాటకుండా ఉండటమే అసలు ఉపాయం.

మొదట, ఇక్కడ మంచు ఎలా పడుతుందో తెలుసుకోండి

బఫెలోలో పడే మంచులో చాలా భాగం సరస్సు చలవే. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈరీ సరస్సు నీళ్లలో ఎండాకాలపు వెచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది. కెనడా వైపు నుంచి వచ్చే చల్లగాలి ఆ నీటి మీదుగా వీస్తూ వేడినీ తేమనీ పట్టుకుని పైకి లేస్తుంది, మేఘమవుతుంది, ఒడ్డు చేరగానే మంచు కుమ్మరిస్తుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు. సరస్సు నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా ఉంటుంది, బఫెలో దాని ఈశాన్యపు కొసన ఉంది. అందుకే నైరుతి గాలి వీస్తే సరస్సు పొడవునా పోగైన తేమంతా ఈ వైపే వస్తుంది.

ఈ మంచు ఊరంతా సమానంగా పడదు. కొద్ది మైళ్ల వెడల్పున్న పట్టీలా పడుతుంది. 2022 నవంబరులో దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్ ప్రాంతాల్లో ఆరు అడుగులకు పైగా పడితే, బఫెలో యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ ఉన్న ఏమ్హర్స్ట్ వైపు అందులో చిన్న వంతే పడింది. కాబట్టి అవతలి పేటలో ఉన్న ఫ్రెండ్ “మా దగ్గర ఏమీ లేదురా, వచ్చేయ్” అంటే బయల్దేరకండి. వాడు చెప్పింది నిజమే కావచ్చు. మీకూ వాడికీ మధ్య రోడ్డు మీద ఆ పట్టీ ఉండొచ్చు. రాడార్ బొమ్మలో అది ఏ పేట మీద ఉందో, ఎటు జరుగుతోందో చూడటం నేర్చుకోండి. ఉష్ణోగ్రత అంకెల కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం.

హెచ్చరికలు వచ్చినప్పుడు ఏం చేయాలి

అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వాచ్ అని, వార్నింగ్ అని వేరువేరుగా ప్రకటిస్తుంది. వాచ్ అంటే అవకాశం గట్టిగా ఉంది, ఇంకా ఒకటి రెండు రోజుల టైమ్ ఉంది అని. సరుకులు, మందులు, పెట్రోలు తెచ్చుకోవాల్సింది ఆ రోజే. వార్నింగ్ వచ్చిందంటే తుఫాను ఖాయం, లేదా మొదలైపోయింది. అప్పటికి షాపులో బ్రెడ్డు, పాలు ఉండకపోవచ్చు.

బ్లిజార్డ్ వార్నింగ్ అన్నిటికన్నా తీవ్రమైనది. గాలి గంటకు 35 మైళ్లు, ఆపైన వీస్తూ, పావు మైలు దూరం కూడా కనబడని స్థితి కనీసం మూడు గంటలు కొనసాగితే దాన్ని బ్లిజార్డ్ అంటారు. ఎన్ని అంగుళాలు పడుతుందన్న లెక్క ఇందులో లేదు. నేల మీద ముందే ఉన్న మంచును గాలి లేపినా చాలు, కళ్ల ముందు తెల్లటి గోడ కట్టినట్టవుతుంది. ఇంటి గుమ్మానికీ కారుకూ మధ్య దారి తప్పడం అప్పుడు నిజంగా జరిగే పనే.

2022 డిసెంబరు 23న మొదలైన బ్లిజార్డ్‌ను ఈ ఊరు మరిచిపోలేదు. విమానాశ్రయం దగ్గర నాలుగు అడుగులకు పైగా మంచు పడింది. ఒకటిన్నర రోజు పాటు బయట ఏమీ కనబడలేదు. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు వీధిలో, కొందరు హీటింగ్ పోయిన సొంత ఇళ్లలో. సాయానికి బయల్దేరిన అత్యవసర వాహనాలు కూడా ఇరుక్కుపోయాయి. ఆ ఉదయం డ్రైవింగ్ నిషేధం ప్రకటించే సమయానికే చాలామంది పనులకు బయల్దేరి రోడ్ల మీద ఉన్నారు. ఇందులోంచి కొత్తవాళ్లు తీసుకోవాల్సింది ఒకటుంది: నిషేధం వచ్చేదాకా ఆగకండి. బ్లిజార్డ్ వార్నింగ్ మొదలయ్యే గంట చూసుకుని, దానికి చాలా ముందే ఇల్లు చేరండి.

విద్యార్థులకు ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. షిఫ్ట్ మానేస్తే ఆ వారం డబ్బులు తగ్గుతాయి, మేనేజర్ ఏమంటాడో అని టెన్షన్. అయినా ముందు రోజే ఒక మెసేజ్ పెట్టండి: వార్నింగ్ ఉంది, నేను రాలేను, ఇంకో రోజు చేస్తాను అని. ఇక్కడ పుట్టి పెరిగిన మేనేజర్లకు ఈ మాట కొత్త కాదు. ట్రావెల్ అడ్వైజరీ అంటే వెళ్లకపోతే మంచిదని సలహా. ట్రావెల్ బ్యాన్ అంటే కారు తీయడమే చట్టవిరుద్ధం. రోడ్ల పరిస్థితికి 511, ప్రాణాపాయానికి 911, తలదాచుకునే చోటు లాంటి సాయానికి 211 నంబర్లు ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

ఇంటిని సిద్ధం చేయడం

మొదట చూడాల్సింది కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఉందా, బ్యాటరీ పనిచేస్తోందా, బటన్ నొక్కితే మోగుతోందా? లేకపోతే ఇంటి ఓనర్‌ను అడగండి, ఆలస్యం చేస్తే మీరే కొనుక్కోండి. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలోనైతే అవి కూడా తెలియవు.

మన ఊళ్లలో చలికి కుంపటి పెట్టుకునే అలవాటు ఉంది. ఆ ఇళ్లకు గాలి ఆడే సందులుంటాయి. ఇక్కడి ఇళ్లను చలిగాలి చొరబడకుండా బిగించి కడతారు. కరెంటు పోయిందని బొగ్గుల గ్రిల్ లోపలికి తెచ్చినా, వెచ్చదనం కోసం గ్యాస్ ఓవెన్ తెరిచి పెట్టినా ఇంట్లోవాళ్లందరి ప్రాణాల మీదికి వస్తుంది. జనరేటర్ ఉంటే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే నడపాలి. గ్యారేజీ తలుపు తెరిచి లోపల నడపడం కూడా ప్రమాదమే. అలారం మోగితే కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరినీ బయటికి తీసుకొచ్చి 911కి ఫోన్ చేయండి.

ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పొగగొట్టం ఎక్కడుందో పగలే చూసిపెట్టుకోండి. చాలా ఇళ్లలో అది పైకప్పు మీద కాకుండా పక్క గోడకు, నేలకు కాస్త ఎత్తులో తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలా ఉంటుంది. దాని ముందు మంచు పేరుకుంటే హీటింగ్ ఆగిపోవచ్చు, లేదా విషవాయువు లోపలికి రావచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఈ గొట్టంతో పాటు నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, బ్రేకర్ పెట్టె ఎక్కడుందో, మంచు ఎత్తే బాధ్యత ఎవరిదో ఓనర్‌ను ముందే అడగాలి. చివరిది లీజులో రాసి ఉంటుంది. చదవండి.

నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలితే ఇల్లంతా నీళ్లవుతుంది. బాగా చలి ఉన్న రాత్రి, బయటి గోడ వైపున్న కుళాయిని సన్నటి ధార వచ్చేలా వదలండి, సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచండి. సెలవులకు ఊరెళ్లినా థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గించకండి, అంటే సుమారు 13 సెల్సియస్. బిల్లు ఆదా అవుతుందని పూర్తిగా ఆపేసి ఇండియా వెళ్తే తిరిగొచ్చాక పెట్టే ఖర్చు చాలా ఎక్కువ.

ఎలక్ట్రిక్ హీటర్ వాడితే పరుపు, దుప్పటి, కర్టెన్లకు మూడు అడుగుల దూరంలో పెట్టి, నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. వెలుతురు కోసం కొవ్వొత్తుల బదులు టార్చిలైట్లు ఉంచుకోండి.

వంటింట్లో

కనీసం మూడు రోజులకు సరిపడా తిండి, నీళ్లు ఉండాలి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు. అయిదు రోజులకు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి కరెంటుదే. కరెంటు పోతే బియ్యం, కందిపప్పు ఎంత ఉన్నా లాభం లేదు. వండకుండా తినేవి ఉండాలి. మన వంటింట్లో అలాంటివి బోలెడున్నాయి. పెరుగులో నానేసిన అటుకులు, మరమరాలు, జంతికలు, చేగోడీలు, సున్నుండలు, వేరుశనగ చిక్కీ. ఇంటి నుంచి అమ్మ సర్దిచ్చిన పొడుల డబ్బాలు, పచ్చళ్లు ఉంటే బ్రెడ్డు మీదైనా సరిపెట్టుకోవచ్చు. తుఫాను వచ్చే రోజు పొద్దున్నే ఎక్కువ పాళ్లలో పులిహోర కలిపి పెట్టుకోండి. కరెంటు ఉండగానే ఫ్లాస్కులో టీ, ఇంకోదానిలో వేడినీళ్లు నింపండి. గ్యాస్ పొయ్యి ఉన్నవాళ్లు చాలా రకాల పొయ్యిల పైబర్నర్‌ను అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చు. వంట అయ్యాక మాత్రం ఆపేయాలి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు చల్లగా ఉంటాయి.

చంటిపిల్లలుంటే పాలపొడి, డైపర్లు. అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా ఉన్నాయో లేదో చూడండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మందులు అయిపోవస్తుంటే ఇది ఆఖరి నిమిషంలో తేలే పని కాదు. నెలలు నిండిన గర్భిణి ఇంట్లో ఉంటే వాచ్ వచ్చిన రోజే డాక్టరుతో మాట్లాడండి. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర్లో తెలిసినవాళ్లు ఉంటే ఆ రెండు రోజులు వాళ్లింట్లో ఉండటం తెలివైన పని. మొహమాటపడకండి.

ఒంటి మీద ఏం వేసుకోవాలి

ఒకే మందపాటి జాకెట్ కన్నా మూడు పొరలు మేలు. ఒంటికి ఆనుకుని థర్మల్స్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలీ నీరూ చొరని జాకెట్. కాటన్ బనియన్లు, జీన్స్ తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. చేతులకు వేళ్లన్నీ కలిసి ఉండే మిట్టెన్స్ ఎక్కువ వెచ్చన. చెవులు కప్పే టోపీ, నీళ్లు దిగని బూట్లు, ఉన్ని సాక్సులు తప్పనిసరి. బూటు బిగుతుగా ఉండకూడదు.

చలి ఎంతో తెలియాలంటే ఉష్ణోగ్రతతో పాటు విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తగిలే చలి కూడా చూడాలి. సున్నా ఫారెన్‌హీట్ (-18 సెల్సియస్) దగ్గర గంటకు 15 మైళ్ల గాలి వీస్తే విండ్ చిల్ -19 ఫారెన్‌హీట్ అవుతుంది. అప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో చలికి తట్టుకున్నాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ముక్కు, చెవులు, వేలికొసలు మొద్దుబారి తెల్లగానో బూడిద రంగులోనో మారితే లోపలికి వచ్చేయండి. రుద్దకండి, మంటకు చూపించకండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. మనిషి వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, తికమకగా ఉంటే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోతోందని అర్థం. వెంటనే 911కి చేయాలి. అంబులెన్సు వచ్చేలోపు తడిబట్టలు విప్పించి, ఛాతీ, మెడ, తల ముందు వెచ్చబెట్టండి.

తుఫాను నడుస్తున్నప్పుడు

అందరూ ఒకే గదిలోకి చేరండి. మిగతా గదుల తలుపులు మూసి, కిటికీల సందులకు తువ్వాళ్లు కుక్కండి. ఫోన్ బ్యాటరీని జాగ్రత్తగా వాడండి. ఇండియాలో వాళ్లకు మనకన్నా పదిన్నర గంటలు ముందు తెల్లారుతుంది, న్యూస్ చూసి కంగారుపడి వరసగా వీడియో కాల్స్ చేస్తారు. “క్షేమంగా ఇంట్లోనే ఉన్నాం, కరెంటు పోవచ్చు, ఫోన్ కలవకపోతే భయపడకండి” అని తుఫానుకు ముందే చెప్పిపెట్టండి. ఊళ్లో ఉన్న ఒక స్నేహితుడితో మాత్రం రోజుకు రెండుసార్లు మెసేజ్ పెట్టుకునే ఏర్పాటు ఉంచుకోండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల నంబర్ తీసుకోండి. రెండు ఇళ్లకు ఒకే గోడ అయితే తలుపు తట్టి చూడండి.

గంటకో రెండు గంటలకో తలుపు కాస్త తీసి ముందున్న మంచు తోసేయండి. లేకపోతే బయటికి తెరుచుకునే తలుపు పొద్దుటికి కదలదు.

కారు, అందులో ఇరుక్కుంటే

నవంబరు నుంచి ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. డిక్కీలో దుప్పటి, చిన్న పార, మంచు గీకే స్క్రేపర్, టార్చి, ఛార్జర్, నీళ్లు, తినడానికేమైనా, చక్రాల కింద చల్లడానికి ఒక సంచి ఇసుక ఉంచండి. అద్దం మీద చల్లే ద్రవం చలికాలానిదేనా చూడండి. మామూలుది గడ్డకడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న విద్యార్థులు టైర్ల అరుగుదల, బ్యాటరీ చూపించుకోవాలి. చలికి ముందు చచ్చేది పాత బ్యాటరీయే.

2014 నవంబరులో ఇక్కడి త్రూవే అనే పెద్ద హైవే మీద కొందరు 24 గంటలకు పైగా వాహనాల్లోనే ఉండిపోయారు. మీకు అలా జరిగితే కారు దిగి నడవకండి. పక్కనే, కళ్లకు స్పష్టంగా కనబడే దూరంలో ఇల్లో షాపో ఉంటే తప్ప కారే మీకు రక్షణ. 911కి చెప్పి, యాంటెన్నాకో తలుపుకో ముదురు రంగు గుడ్డ కట్టండి. ఇంజన్‌ను గంటకు పది నిమిషాలు మాత్రమే నడపండి. నడిపే ముందు ప్రతిసారీ దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, నడుస్తున్నంతసేపూ ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచండి. గొట్టం మూసుకుపోతే పొగంతా కారులోకే వస్తుంది. కాళ్లూ చేతులూ కదుపుతూ ఉండండి. ఇద్దరుంటే ఒకరి తర్వాత ఒకరు నిద్రపోవాలి.

ఆగిన తర్వాత మంచు ఎత్తడం

ఆకాశం నీలంగా తేరుకుని ఎండ కాస్తుంటే పిల్లలతో పాటు పెద్దలకూ బయటికి పరుగెత్తాలనిపిస్తుంది. వెళ్లండి, ఫొటోలు తీసుకోండి, చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ తెలుపు మీద ఎండ కళ్లను గట్టిగా కొడుతుంది. పార పట్టే ముందు మాత్రం కాస్త ఆగాలి.

పొడి మంచు తేలికే. తడి మంచు ఘనపు అడుగుకు 20 పౌండ్ల దాకా తూగుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, బీపీ పెరిగి ఉంటుంది, దాని మీద అలవాటు లేని బరువు. ప్రతి ఏడూ ఈ పనిలో గుండెపోటు వచ్చి జనం చనిపోతున్నారు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, కదలకుండా కూర్చుని పనిచేసే నలభై దాటినవాళ్లు ఈ పని పక్కింటి కుర్రాడికి డబ్బులిచ్చి చేయించుకోవడం మంచిది. నాన్నగారు “నేనూ ఒక చెయ్యి వేస్తాను” అని వస్తే లోపలే కూర్చోబెట్టండి.

చేసేవాళ్లు కడుపు నిండా తిన్న వెంటనే మొదలుపెట్టకూడదు. ఎత్తడం కన్నా తోయడం మేలు. ఎత్తాల్సి వస్తే మోకాళ్లు వంచి, సగం పార మాత్రమే నింపి ఎత్తండి, నడుము తిప్పి విసరకండి. రెండు అడుగులు పడేదాకా ఆగి ఒకేసారి తీయడం కన్నా గాలి తెరిపిచ్చినప్పుడల్లా కాస్త కాస్త తీస్తే నడుము నిలుస్తుంది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, ఊపిరి అందకపోవడం ఉంటే అక్కడే పార వదిలేయండి, 911.

ముందు ఫర్నేస్ గొట్టం దగ్గర తీయండి, తర్వాత గుమ్మం, ఆపైన సైడ్‌వాక్, ఆఖరున డ్రైవ్‌వే. అంతా శుభ్రం చేసి లోపలికొచ్చాక రోడ్డు మీద మంచు తోసే మునిసిపాలిటీ ప్లౌ బండి వచ్చి డ్రైవ్‌వే మొదట్లో గట్టి మంచు గోడ వేసి పోతుంది. కోపం తెచ్చుకోకండి, అందరి ఇంటి ముందూ అంతే. దానికోసం కాస్త ఓపిక మిగుల్చుకోండి. వీధిలో ఫైర్ హైడ్రంట్ (ఫైరింజన్‌కు నీళ్లిచ్చే గొట్టం) ఉంటే చుట్టూ మంచు తీయడం మీకే మేలు. సైడ్‌వాక్ ఎప్పటిలోగా తీయాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. బోస్టన్‌లో మంచు ఆగిన మూడు గంటల్లోగా తీయాలి. వీధి పార్కింగ్‌కూ స్నో ఎమర్జెన్సీ నిబంధనలుంటాయి, పాటించకపోతే కారును లాక్కెళ్తారు.

కారు కదిపే ముందు అద్దాలతో పాటు పైకప్పు మీద మంచు కూడా దించండి. హైవే మీద అది పలకలా లేచి వెనకొచ్చేవాళ్ల అద్దం మీద పడుతుంది. న్యూజెర్సీలో దించకపోతే జరిమానా కూడా ఉంది.

పగలు కరిగిన నీరు రాత్రికి రోడ్డు మీద కనబడని అద్దపు పొరలా గడ్డకడుతుంది. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. నల్లటి తారు మీద తడిలా కనిపిస్తే అనుమానించాలి. నడిచేటప్పుడు జేబుల్లోంచి చేతులు బయటికి తీసి, పెంగ్విన్‌లా పొట్టి అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఆనించి నడవండి. మెట్ల మీద ఉప్పు చల్లండి. మామూలు రాతి ఉప్పు 15 ఫారెన్‌హీట్ కన్నా కిందికి పోతే సరిగా పనిచేయదు. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ అడిగి కొనండి. పైకప్పు అంచుల నుంచి వేలాడే మంచు కడ్డీల కింద నిలబడకండి, పిల్లల్ని ఆడుకోనివ్వకండి. ప్లౌ బండ్లు పోగేసిన రోడ్డు పక్క గుట్టల్లో సొరంగాలు తవ్వే ఆట కూడా వద్దు. అది కూలవచ్చు, డ్రైవర్‌కు లోపల పిల్లలున్నది కనబడదు.

రోడ్లు తెరుచుకోగానే వాడేసిన నీళ్లు, బ్యాటరీలు, మందులు మళ్లీ కొని పెట్టండి, ట్యాంకు నింపండి. తడిసిన బూట్లలో పాత న్యూస్ పేపర్లు కుక్కి ఆరబెట్టండి. జనవరి చివరికి సరస్సు గడ్డకడితే ఈ రకం మంచు బాగా తగ్గుతుంది. గడ్డకట్టని ఏళ్లలో ఫిబ్రవరిలోనూ ఇంకో విడత రావచ్చు.